డబ్ల్యూఎంఎఫ్: గీసిన బొమ్మ కాదు, గీయమనే ఆజ్ఞల చిట్టా

పాత పత్రాలను కొత్త కంప్యూటరులో తెరిచే వారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. అక్షరాలు, పట్టికలు, పుట సంఖ్యలు యథాతథంగా వస్తాయి. బొమ్మ ఉండవలసిన చోట మాత్రం ఖాళీ గడి కనిపిస్తుంది, లేదా బొమ్మ చీమంత చిన్నదిగానో, పుట అంచులు దాటేటంత పెద్దదిగానో వస్తుంది. ఒకే ఫైలును రెండు ప్రోగ్రాములలో తెరిస్తే రెండు రకాలుగా కనిపించడమూ మామూలే. ఇలా ఇబ్బంది పెట్టే బొమ్మలలో చాలా వాటి పేరు చివర డబ్ల్యూఎంఎఫ్ అని ఉంటుంది. దాని పూర్తి పేరు విండోస్ మెటాఫైల్.

ఇటువంటప్పుడు ఫైలు పాడైపోయిందని అనుకోవడం సహజం. చాలా సందర్భాలలో ఫైలు ఏ మాత్రమూ పాడవదు. ఈ ఫార్మాట్‌ను రూపొందించిన రోజున తీసుకున్న ఒకే ఒక నిర్ణయంలో ఈ చిక్కులన్నింటికీ మూలం ఉంది. ఆ నిర్ణయమేమిటో తెలిస్తే ఫైలు అంత చిన్నదిగా ఎందుకు ఉంటుందో, కొలతలు ఎందుకు తప్పుతాయో, 2005 చివరి వారంలో ఒక బొమ్మను చూసినంత మాత్రాన కంప్యూటరు పరాధీనమయ్యే పరిస్థితి ఎలా వచ్చిందో, అన్నీ ఒకే తాడుకు కట్టిన ముడులుగా కనిపిస్తాయి.

## చుక్కల బొమ్మ, గీతల బొమ్మ

కంప్యూటరులో బొమ్మను దాచుకోవడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది బిట్‌మ్యాప్. ఇందులో బొమ్మను చిన్న చిన్న గడులుగా, అంటే పిక్సెళ్లుగా విడగొట్టి, ఒక్కొక్క గడి రంగును రాసిపెడతారు. ఫొటోలకు ఇదే తగిన పద్ధతి. రెండవది వెక్టర్. ఇందులో రంగు చుక్కలకు బదులు ఆకారాలను రాస్తారు: ఈ బిందువు నుంచి ఆ బిందువుకు గీత, ఇంత వ్యాసార్ధంతో వృత్తం, దాని లోపల ఈ రంగు. పటాలు, యంత్రాల రేఖాచిత్రాలు, సంస్థల చిహ్నాలు ఇలా దాచితే ఎంత పెంచినా అంచులు మసకబారవు.

డబ్ల్యూఎంఎఫ్‌ను సాధారణంగా రెండవ కోవలో చేరుస్తారు. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు, ఎందుకంటే ఈ ఫైలులో బిట్‌మ్యాప్‌ను అతికించే ఆజ్ఞలు కూడా ఉంటాయి. స్కాన్ చేసిన ఒకే ఒక ఫొటో తప్ప మరేమీ లేని డబ్ల్యూఎంఎఫ్ ఫైలు కూడా నిబంధనల ప్రకారం సరైనదే. పేరు చివర ఆ అక్షరాలుంటే బొమ్మను ఎంతైనా పెంచవచ్చునని నమ్మినవారు ముద్రణ దగ్గర నిరాశపడటానికి కారణమిదే.

## బొమ్మకు బదులు చేతి కదలికలను రాసుకున్న పద్ధతి

1985లో వచ్చిన మొదటి విండోస్ నుంచే అందులో జీడీఐ అనే భాగం ఉంది. గ్రాఫిక్స్ డివైస్ ఇంటర్‌ఫేస్ అన్న మాటకు అది పొట్టి రూపం. ప్రోగ్రాము "ఇక్కడ దీర్ఘచతురస్రం గీయి" అని జీడీఐకి చెబితే, దాన్ని తెర మీద ఎలా చూపాలో, ప్రింటరుకు ఎలా పంపాలో జీడీఐ చూసుకుంటుంది. ప్రింటరు మారినప్పుడల్లా ప్రోగ్రామును తిరిగి రాసుకోవలసిన అవసరం దీనితో తప్పింది.

మెటాఫైల్ ఆ ఏర్పాటుకు కొనసాగింపు. ప్రోగ్రాము జీడీఐకి చెప్పే మాటలను అప్పటికప్పుడు అమలు చేయకుండా, అదే వరుసలో రాసిపెట్టుకుని, తరువాత ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ వినిపిస్తే అదే బొమ్మ తయారవుతుంది. వీణ మీద ఒక పాట వాయిస్తున్నప్పుడు ధ్వనిని భద్రపరచకుండా, ఏ తీగను ఏ మెట్టు మీద ఏ క్రమంలో నొక్కారో రాసిపెట్టుకున్నట్లుగా ఊహించుకోవచ్చు. ఆ రాత చాలా చిన్నది, పాట మాత్రం పూర్తిగా వస్తుంది. కాని అదే శ్రుతిలో ఉన్న అదే రకం వీణ దొరకాలి.

డబ్ల్యూఎంఎఫ్ ప్రత్యేకత అంతా ఈ చివరి షరతులోనే ఉంది. అది ప్రపంచంలోని ఏ యంత్రానికైనా అర్థమయ్యేలా రాసిన బొమ్మ వర్ణన కాదు. ఒక నిర్దిష్టమైన వ్యవస్థలోని ఫంక్షన్లను, అంటే ఒక్కొక్క పని చేసిపెట్టే సిద్ధమైన ఆజ్ఞలను, పిలిచిన క్రమం. 1990లో వచ్చిన విండోస్ 3.0తో ఆ వ్యవస్థ ఎక్కడ చూసినా వ్యాపించింది కాబట్టి, ఆ రోజుల్లో షరతు ఎవరికీ భారమనిపించలేదు. రెండు ప్రోగ్రాముల మధ్య బొమ్మను కాపీ చేసి అతికించడానికి, ఆఫీసు పత్రాలతో వచ్చే రెడీమేడ్ బొమ్మలకు ఇదే వాహనమైంది.

## ఫైలు లోపల ఏముంటుంది: ఒక చిన్న లెక్క

మాటల కంటే లెక్క స్పష్టంగా చెబుతుంది కాబట్టి ఒకే ఒక దీర్ఘచతురస్రమున్న ఫైలును తయారు చేద్దాం. డబ్ల్యూఎంఎఫ్‌లో కొలతలన్నీ రెండేసి బైట్ల ముక్కలలో ఉంటాయి. ఆ ముక్కను వర్డ్ అంటారు.

ముందు 9 వర్డ్‌ల హెడర్, అంటే ఫైలు మొదట ఉండే వివరాల భాగం, వస్తుంది. ఫైలు మొత్తం ఎంత పొడవు, అందులోని అతి పెద్ద రికార్డు ఎంత, పెన్నులు, బ్రష్షుల వంటి వస్తువులు ఎన్ని వాడతారు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ తరువాత రికార్డులు వరుసగా వస్తాయి. ప్రతి రికార్డు మొదట తన పొడవును చెబుతుంది, తరువాత ఏ ఫంక్షన్‌ను పిలవాలో దాని సంఖ్యను, ఆపై ఆ ఫంక్షన్‌కు ఇవ్వవలసిన విలువలను చెబుతుంది.

మన బొమ్మకు 120 వెడల్పు, 60 ఎత్తు గల కాన్వాసు అనుకుందాం. మూల బిందువును నిర్ణయించే రికార్డుకు 5 వర్డ్‌లు, కాన్వాసు పరిమాణాన్ని చెప్పే రికార్డుకు మరో 5 వర్డ్‌లు పడతాయి. ఎడమ 10, పైన 15, కుడి 110, కింద 45 హద్దులుగా దీర్ఘచతురస్రాన్ని గీసే రికార్డు ఇలా ఉంటుంది: పొడవు 7, ఫంక్షన్ సంఖ్య 1051, ఆపై 45, 110, 15, 10. చివరన "అయిపోయింది" అని చెప్పే రికార్డుకు 3 వర్డ్‌లు. అన్నీ కలిపితే 29 వర్డ్‌లు, అంటే 58 బైట్లు. అదే బొమ్మను 1200 పిక్సెళ్ల వెడల్పు, 600 పిక్సెళ్ల ఎత్తుతో, పిక్సెలుకు 3 బైట్ల చొప్పున కుదించకుండా బిట్‌మ్యాప్‌గా దాచితే 21,60,000 బైట్లు అవుతుంది. ఫ్లాపీల కాలంలో ఈ తేడా విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ చిన్న రికార్డులో రెండు విశేషాలు దాగి ఉన్నాయి. మొదటిది 1051 అన్న సంఖ్య. దాన్ని 256తో భాగిస్తే భాగఫలం 4, శేషం 27 వస్తాయి. శేషం ఏ ఫంక్షనో చెబుతుంది, భాగఫలం దానికి ఎన్ని విలువలు కావాలో చెబుతుంది. గీత గీసే ఫంక్షన్ సంఖ్య 531. దాన్ని భాగిస్తే 2, 19 వస్తాయి, గీతకు చివరి బిందువు తాలూకు రెండు విలువలు చాలు కదా.

రెండవ విశేషం ఇంకా ముఖ్యమైనది. విలువల క్రమం తలకిందులుగా ఉంది. ప్రోగ్రాము రాసేవారు ఎడమ, పైన, కుడి, కింద అన్న వరుసలో చెబుతారు. ఫైలులో మాత్రం కింద, కుడి, పైన, ఎడమ అని వస్తుంది. ఆనాటి విండోస్‌లో ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు విలువలను వరుసగా స్టాక్ అనే జ్ఞాపక ప్రాంతంలోకి నెట్టేవారు. ఆ స్టాక్ పై నుంచి కిందికి పెరుగుతుంది కాబట్టి చివర నెట్టిన విలువ జ్ఞాపకంలో అన్నింటికంటే ముందు కనిపిస్తుంది. రికార్డులోని విలువలు సరిగ్గా ఆ అమరికలోనే ఉన్నాయి. బొమ్మ గురించి ఆలోచించి రూపొందించిన ఫార్మాట్ అయితే ఇలా ఉండేది కాదు. ఫంక్షన్‌ను పిలిచిన క్షణంలో కంప్యూటరు జ్ఞాపకంలో ఉన్న దృశ్యానికి ఇది దాదాపు అచ్చు తీసిన నకలు.

## కొలత ఎందుకు తప్పుతుంది

పై 58 బైట్ల ఫైలులో ఒక ముఖ్యమైన సమాచారం లేదు. కాన్వాసు వెడల్పు 120 అని ఉంది, కాని 120 ఏమిటి? మిల్లీమీటర్లా, పిక్సెళ్లా, అంగుళంలో ఇన్నో వంతులా? ఫైలు చెప్పదు. ఆ బొమ్మను ఎంత జాగాలో చూపాలన్నది దాన్ని వాడుకునే ప్రోగ్రాము ఇష్టం. బొమ్మను సృష్టించిన ప్రోగ్రామే తిరిగి చూపుతున్నప్పుడు ఇది లోపం కాదు, సౌలభ్యం. ఫైలు బయటికి వెళ్లినప్పుడే చిక్కు. ఒక ప్రోగ్రాము అంగుళానికి 96 చొప్పున అనుకుంటే బొమ్మ 1.25 అంగుళాల వెడల్పుతో వస్తుంది. మరొకటి అంగుళానికి 1440 చొప్పున అనుకుంటే అంగుళంలో పన్నెండవ వంతుకు ముడుచుకుపోతుంది. రెండింటిలో దేనినీ తప్పు పట్టలేము.

ఈ లోటును విండోస్ తయారీదారైన మైక్రోసాఫ్ట్ కాక, పుటల అమరిక సాఫ్ట్‌వేర్ తయారు చేసే ఆల్డస్ సంస్థ పూరించింది. అసలు ఫైలుకు ముందు 22 బైట్ల అదనపు హెడర్‌ను చేర్చి, అందులో బొమ్మ హద్దులను, అంగుళానికి ఎన్ని ప్రమాణాలో ఆ సంఖ్యను రాసే ఏర్పాటు అది. మన ఉదాహరణలో అక్కడ 60 అని రాస్తే బొమ్మ 2 అంగుళాల వెడల్పు, 1 అంగుళం ఎత్తు అని ఎవరు తెరిచినా తెలిసిపోతుంది, ఫైలు 80 బైట్లు అవుతుంది. ఇటువంటి ఫైళ్లను ప్లేసబుల్ మెటాఫైళ్లు అంటారు. ఇది వాడుకలో స్థిరపడినా, విండోస్‌లోని మూల ఫంక్షన్లు ఆ హెడర్‌ను గుర్తించవు. దాన్ని చదివి పక్కన పెట్టే పని ప్రోగ్రాము రాసేవారిదే. పేరొకటే అయినా లోపల రెండు రకాల ఫైళ్లు తిరుగుతుండటం వల్ల కలిగిన గందరగోళం ఇప్పటికీ పోలేదు.

## రెండు బైట్ల ఇరుకు

విలువలు రెండేసి బైట్లలో ఉండాలన్న నియమం వల్ల ఏ స్థానమైనా -32,768 నుంచి 32,767 వరకే ఉండగలదు. అంగుళానికి 1440 ప్రమాణాల చొప్పున సూక్ష్మంగా గీస్తే, రుణ సంఖ్యలను కూడా కలుపుకుని మొత్తం 45.5 అంగుళాల మేర మాత్రమే దొరుకుతుంది. ఏ0 పరిమాణపు కాగితం పొడవు 46.8 అంగుళాలు. అంటే పెద్ద పటం ఒకటి ఈ సూక్ష్మతతో ఒక ఫైలులో ఇమడదు. ప్రమాణాన్ని పెద్దది చేస్తే పటం ఇముడుతుంది కాని సూక్ష్మత తగ్గుతుంది: అంగుళానికి 60 చొప్పున గీస్తే ప్రతి బిందువూ 0.42 మిల్లీమీటర్ల గళ్లలో ఏదో ఒక గడికి అంటుకోవలసిందే.

వక్రరేఖల సంగతి ఇంకొక మెట్టు కింద ఉంది. వృత్తాలకు, దీర్ఘవృత్తాలకు, చాపాలకు ఫంక్షన్లున్నాయి కాని, చిత్రకారులు నిత్యం వాడే బెజియర్ వక్రరేఖలకు, అంటే కొన్ని బిందువులను జరుపుతూ కావలసినట్లు వంచుకునే రేఖలకు, లేవు. అటువంటి రేఖను ఈ ఫైలులోకి పంపితే చిన్న చిన్న సరళరేఖలుగా ముక్కలవుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వంపును పూర్తి చుట్టుకు 36 ముక్కల చొప్పున విడగొడితే, అసలు వంపుకు, ముక్కకు మధ్య ఎడం 0.19 మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. అదే బొమ్మను 20 రెట్లు పెంచితే ఎడం 3.8 మిల్లీమీటర్లు, కోణాలు కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. వెక్టర్ బొమ్మ ఎంత పెంచినా చెడదన్న మాటకు ఇక్కడ గండి పడుతుంది.

అక్షరాల విషయంలోనూ ఇదే వరస. ఫైలులో అక్షరాల రూపురేఖలు ఉండవు. ఫాంటు పేరు, ఏ సంకేత పట్టికలో చదవాలో తెలిపే సంఖ్య, ఆపై బైట్లు ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది, మాటలు గడి దాటిపోతాయి. అన్ని లిపుల అక్షరాలకూ ఒకే సంకేత పట్టిక అయిన యూనికోడ్ ప్రసక్తే లేకపోవడంతో రోమన్ కాని లిపులలోని మాటలు అర్థం లేని గుర్తులుగా మారిపోవడం తరచుగా జరుగుతుంది.

## ఈఎంఎఫ్ వచ్చి ఏమి మార్చింది

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.1తో ఎన్‌హాన్స్‌డ్ మెటాఫైల్, అంటే ఈఎంఎఫ్, వచ్చింది. విలువలకు నాలుగు బైట్లు, బెజియర్ రేఖలు, యూనికోడ్ అక్షరాలు, మిల్లీమీటరులో నూరవ వంతు ప్రమాణంగా బొమ్మ అసలు కొలత: పైన చెప్పిన ఇరుకులన్నీ చాలా వరకు తీరాయి. తరువాతి విండోస్‌లలో ప్రింటరుకు వెళ్లే పనిని వరుసలో నిలబెట్టి ఉంచడానికీ ఇదే రూపాన్ని వాడారు.

మూల భావన మాత్రం మారలేదు. ఇదీ ఆజ్ఞల చిట్టాయే, కాకపోతే కొత్త జీడీఐకి చెందినది. కొలతలను నిర్ణయించడానికి అది ఒక నమూనా పరికరం వివరాలను హెడర్‌లో రాసుకుంటుంది. తన భౌతిక పరిమాణాన్ని తప్పుగా చెప్పుకునే తెర ఆ నమూనా అయితే ఫైలులోని కొలతా తప్పుతుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన జీడీఐ ప్లస్ మరో పొరను చేర్చింది. కొత్త ఆజ్ఞలను పాత ఈఎంఎఫ్‌లోని వ్యాఖ్య రికార్డులలో దాచే పద్ధతి అది. ఒకే ఫైలులో పాత ఆజ్ఞలు, కొత్త ఆజ్ఞలు రెండూ ఉండవచ్చు, లేదా కొత్తవి మాత్రమే ఉండవచ్చు. పాత రికార్డులను మాత్రమే చదివే ప్రోగ్రాముకు ఈ రెండవ రకం ఫైలు చేతికి వస్తే ఖాళీ బొమ్మే మిగులుతుంది.

## చూస్తేనే ప్రమాదం: 2005 డిసెంబరు

ఫార్మాట్ మూల నిర్ణయానికి అసలు మూల్యం ఇక్కడ చెల్లించవలసి వచ్చింది. జీడీఐ ఫంక్షన్లలో ఎస్కేప్ అనేది ఒకటి. ప్రింటరుకు ప్రత్యేకమైన కబుర్లు చెప్పడానికి అది వాడుకలో ఉండేది. దాని ఉపవిభాగాలలో 9వ సంఖ్య గలది సెట్‌అబార్ట్‌ప్రాక్. ముద్రణ మధ్యలో వాడుకరి "వద్దు" అంటే ఏమి చేయాలో చెప్పే చిన్న ప్రోగ్రాము ముక్కను వ్యవస్థకు అప్పగించడం దాని పని. ప్రోగ్రాము తానే ముద్రిస్తున్నప్పుడు ఇది అవసరమైన సదుపాయం. అయితే జీడీఐ పిలుపులను రాసుకునే మెటాఫైల్‌లోకి ఈ పిలుపు కూడా రాగలిగేది. ఫైలులోని బైట్లనే విండోస్ ఆ ప్రోగ్రాము ముక్కగా స్వీకరించి నడిపేది.

దీన్ని వాడుకుని దాడులు జరుగుతున్నాయని 2005 డిసెంబరు 27న బయటపడింది. పేరు చివర జేపీజీ అని మార్చినా ప్రయోజనం లేకపోయింది, విండోస్ లోపలి బైట్లను చూసి ఇది మెటాఫైల్ అని గుర్తించి అమలు చేసేది. మైక్రోసాఫ్ట్ నుంచి సవరణ రాకముందే డిసెంబరు 31న ఇల్ఫాక్ గిల్ఫానోవ్ అనే ప్రోగ్రామర్ అనధికారిక సవరణను విడుదల చేశారు. జనవరి 10న రావలసిన నెలవారీ సవరణల కోసం ఆగకుండా 2006 జనవరి 5నే మైక్రోసాఫ్ట్ అధికారిక సవరణను ఇచ్చింది. మెటాఫైల్ రికార్డుగా వచ్చినప్పుడు సెట్‌అబార్ట్‌ప్రాక్‌ను పట్టించుకోకపోవడం ఆ సవరణ సారాంశం. ప్రోగ్రాములు నేరుగా పిలుచుకునే వీలును అలాగే ఉంచారు.

ఆ జనవరిలోనే ఒక వివాదం రేగింది. ఇది పొరపాటు కాదు, కావాలని పెట్టిన దొడ్డిదారి అని భద్రతా పరిశోధకుడు స్టీవ్ గిబ్సన్ వాదించారు. రికార్డు పొడవును ఉండరాని విలువగా, అంటే 1గా ఇచ్చినప్పుడే తన పరీక్షలో ఆ ముక్క నడిచిందని, ఇటువంటిది యాదృచ్ఛికంగా కుదరదని ఆయన ఆధారం. మైక్రోసాఫ్ట్ తరఫున స్టీఫెన్ టౌలౌస్ బదులిస్తూ, పొడవు సరిగా ఉన్నా లేకపోయినా లోపం పనిచేస్తుందని, విండోస్ 3.0 నాటికి మెటాఫైల్ రికార్డులను పూర్తిగా నమ్మదగినవిగా భావించేవారని వివరించారు. విండోస్ అంతర్భాగాల నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ కోడ్‌ను విడిగా పరిశీలించి, ఉద్దేశపూర్వకమన్న వాదన నిలవదన్న నిర్ణయానికి వచ్చారు.

ఈ వాదంలో నాకు బరువైనదిగా కనిపించే సాక్ష్యం వేరే చోటి నుంచి వచ్చింది. లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ కోడ్‌తో సంబంధం లేకుండా స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రాశారు. అదే లోపం అందులోనూ బయటపడింది. ఫంక్షన్ల ప్రవర్తనను నమ్మకంగా అనుకరించినంత మాత్రాన లోపం దానంతట అదే పుట్టిందంటే, దాన్ని ఎవరో రహస్యంగా పాతిపెట్టి ఉండనవసరం లేదు. గిబ్సన్ అనుమానం ఆనాటికి అసమంజసమేమీ కాదు. బొమ్మ ఫైలులో ప్రోగ్రామును నడిపించే ఆజ్ఞ ఎందుకుందన్నది ఎవరికైనా తట్టే ప్రశ్నే. ఆజ్ఞలలో బొమ్మకు సంబంధించినవేవో, కానివేవో ఎంచకుండా చిట్టా రాసుకున్నారన్నదే దానికి జవాబు.

## ఉంచాలా, మార్చాలా

ఈనాటి వెబ్ బ్రౌజర్లలో డబ్ల్యూఎంఎఫ్ కనిపించదు. లిబ్రేఆఫీస్, ఇంక్‌స్కేప్ వంటివి దాన్ని చదువుతాయి, ఫార్మాట్ వివరాలను మైక్రోసాఫ్ట్ ప్రచురించింది కూడా. పాత ఫైళ్లు చేతిలో ఉన్నవారి ముందు రెండు అభిప్రాయాలున్నాయి. 2001 సెప్టెంబరులో, వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా వెలువడిన ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫార్మాట్‌లోకి అన్నింటినీ మార్చి పాతవి తొలగించాలని కొందరంటారు. ఎస్‌వీజీ ఏ ఒక్క వ్యవస్థ ఫంక్షన్లనూ నమ్ముకోకుండా ఆకారాలను అక్షర రూపంలో వర్ణిస్తుంది కాబట్టి ఎక్కువ కాలం నిలుస్తుందన్నది వారి వాదన, అందులో బలముంది. మార్పిడి ఎప్పుడూ ఒక వ్యాఖ్యానమే కాబట్టి మూల ఫైలును ఉంచుకోవాలని రెండవ పక్షం అంటుంది.

రెండవ పక్షం మాటను ఒక ఉదాహరణ సమర్థిస్తుంది. డబ్ల్యూఎంఎఫ్‌లో పారదర్శకత లేదు. నలుచదరం కాని ఫొటోను నేపథ్యం మీద అతికించడానికి ఆనాటి ప్రోగ్రాములు ఒక ఉపాయం వాడేవి: ముందు నలుపు తెలుపుల అచ్చు ఒకటి వేసి, దానికీ కింద ఉన్న రంగులకూ బిట్ల స్థాయిలో "రెండూ ఉంటేనే" అన్న లెక్క కట్టి, ఆపై అసలు ఫొటోను "ఏదో ఒకటి ఉంటే చాలు" అన్న లెక్కతో వేసేవారు. రెండు రికార్డులూ కలిసి పనిచేస్తేనే బొమ్మ సరిగా వస్తుంది. ఎస్‌వీజీలో ఈ బిట్ల లెక్కకు సమానమైనది లేదు. మార్చే ప్రోగ్రాము ఆ రెండు రికార్డుల జంటను గుర్తుపట్టి ఒకే పారదర్శక చిత్రంగా మార్చగలిగితే సరే. గుర్తుపట్టలేక విడివిడిగా మార్చితే అచ్చు ఒక నల్లని ఆకారంగా నిలబడుతుంది, లేదా దాని మీద ఫొటో నల్లని చట్రంతో కూర్చుంటుంది. అప్పటికే మూల ఫైలును తొలగించి ఉంటే, ఆ నలుపు వెనుక ఏముండేదో ఆ ఎస్‌వీజీ నుంచి తిరిగి రాబట్టడం సాధ్యం కాదు.